స్తంభం నుంచి గడప దాకా



మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను టెలిఫోన్ల శాఖలో చేసి రిటైరయ్యాను. ఆయన నన్ను ‘టెలిఫోను గారూ’ అంటారు, నేనాయన్ని ‘కండక్టరు గారూ’ అంటాను. ఉద్యోగాలు పోయినా ఆ పేర్లు మాత్రం మిగిలాయి. మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే, నేనింకా కాఫీ తాగుతుండగా, నాలుగు రంగు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఒకటి దినపత్రికలో పెట్టి వేసింది, ఒకటి గేటుకు గుచ్చి పోయింది, మిగతా రెండూ బజార్లో ఎవరో చేతిలో పెట్టినవి.

“డల్లాస్‌లో మా అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడండీ. మా ఆవిడ పొద్దస్తమానం వాణ్ణి వీడియోలో చూడాలంటుంది. ఫోన్లో డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది. వీటిలో ఏది పెట్టించుకోమంటారు?”

కాగితాలు చూశాను. నాలుగింట్లోనూ అవే మాటలు: వంద ఎంబీపీఎస్, మూడు వందలు, అన్‌లిమిటెడ్, ఇన్‌స్టలేషన్ ఫ్రీ. నాలుగూ మడిచి ఆయన చేతికే ఇచ్చి, చెప్పులేసుకుని వీధి మలుపు దాకా నడిపించాను. అక్కడ కరెంటు స్తంభం ఉంది. “పైకి చూడండి” అన్నాను.

మీ వీధిలోనూ అలాంటి స్తంభం ఉండే ఉంటుంది. సగం ఎత్తులో నల్లతీగలు జడల్లా అల్లుకుని ఉంటాయి. కొన్ని చుట్టలు చుట్టి వేలాడుతుంటాయి. మధ్యలో అరచేతంత నల్లడబ్బాలు, కొన్నిటికి మూత ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఇంటర్నెట్ సముద్రాల కిందనుంచి వస్తుందంటారు. నిజమే, వస్తుంది. ఆ సముద్రాల కింది తీగకు ఏమైనా అయితే చూసుకోవడానికి ఓడలున్నాయి. ఈ మూతలేని డబ్బాలోకి వాన నీళ్ళు పోతే చూసుకునేదెవరు? కనెక్షన్ పెట్టించుకునే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న నా దృష్టిలో అదొక్కటే. తక్కినవన్నీ దాని తర్వాతే.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు అంతా రాగితీగే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి మోడెం వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. నెట్ పెట్టుకుంటే ఫోను ఎంగేజి, ఫోను చేసుకోవాలంటే నెట్ కట్. మోడెం కలిసేటప్పుడు కీచుమని ఒక చప్పుడు వచ్చేది, విన్నవాళ్ళు మరిచిపోరు. ఆ తర్వాత అదే టెలిఫోను తీగమీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అందులో ఎక్స్ఛేంజి పక్కింటివాడు రాజు. నాలుగైదు కిలోమీటర్లు దాటితే స్పీడు నీరుగారిపోయేది. వానాకాలం వచ్చిందంటే జాయింట్లలో తడి చేరి ఫోన్లో గరగర, నెట్టులో నత్తనడక. తిట్లన్నీ మాకు.

2004లో కేంద్రం ఒక విధానం ప్రకటించి, 256 కిలోబిట్లు ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చంది. 2013లో ఆ అంకె 512 అయింది. 2023లో 2 మెగాబిట్లు చేశారు. అంటే సర్కారు లెక్కలో ఇప్పటికీ 2 మెగాబిట్లు ఇస్తే అది బ్రాడ్‌బ్యాండే. కాగితం మీద పెద్దక్షరాలతో బ్రాడ్‌బ్యాండ్ అని వేసినంత మాత్రాన మురిసిపోనక్కర్లేదు.

ఇప్పుడు రాగి పోయి గాజు వచ్చింది. ఫైబర్ అంటే గాజునారే. 125 మైక్రాన్ల మందం, దానిలోపల వెలుగు ప్రయాణించే దారి 9 మైక్రాన్లు. తలవెంట్రుకలో పదో వంతంత దారిలో మీ సినిమా వస్తోందన్నమాట. తెగిన గాజునారను అతికించడం ఎప్పుడైనా చూశారా? నేనెన్నిసార్లు చూసినా మళ్ళీ నిలబడి చూస్తాను. కుర్రాడు నిచ్చెన మీంచి తీగ కిందికి లాగి, మెట్టుమీద కూర్చుంటాడు. పైతొడుగు ఒలిచి, నారను స్పిరిట్‌తో తుడిచి, చిన్న కత్తెరపెట్టెలో పెట్టి ‘టిక్’మని కొస నరుకుతాడు. రెండో కొసనూ అలాగే. రెండిటినీ స్ప్లైసింగ్ మిషన్లో ఎదురెదురుగా పడుకోబెట్టి మూత వేస్తాడు. చిన్న తెరమీద రెండు గాజు కడ్డీలు దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి చూసుకుని, నిప్పురవ్వ మెరిసి, ఒక్కటైపోతాయి. ఇంతా చేస్తే నిమిషం పని. మిషన్ మాత్రం ఖరీదైనది. అందుకే ఊళ్ళో కొన్నే ఉంటాయి. మీ తీగ తెగినరోజే ఇంకో పదిచోట్ల తెగితే, ఆ మిషన్ మీ వీధికి వచ్చేదాకా మీరు ఆగాలి.

మరి గాజునార మీ ఇంటికి ఒంటరిగా రాదు. కంపెనీ గదిలోంచి బయల్దేరిన ఒక నారను దారిలో చీల్చి 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో పంచుతారు. అంతటికీ కలిపి ఉన్నది సెకనుకు సుమారు రెండున్నర గిగాబిట్లు. మధ్యాహ్నం రెండింటికి పరుగెత్తే నెట్టు రాత్రి తొమ్మిదింటికి కుంటడానికి, అంతా ఒకేసారి క్రికెట్టూ సీరియళ్ళూ పెట్టడం కూడా ఒక కారణం. అది మీ వీధిలోనే కావచ్చు, ఆ ఊరికి కంపెనీ తెచ్చుకున్న పైలైనే చాలకపోవచ్చు కూడా. కాబట్టి పక్కింట్లో స్పీడు చూడాలంటే పగలు కాదు, రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళి చూడండి. భోజనాల వేళ అని మొహమాటపడకండి.

కండక్టరు గారికి ఇంకో సంగతి కూడా చెప్పాను. కాగితం మీద ఫైబర్ అని ఉంటుంది గానీ, ఆ గాజు అపార్ట్‌మెంటు మెట్ల కింద డబ్బా దాకానే వచ్చి ఆగిపోవచ్చు. అక్కడినుంచి మీ గుమ్మం దాకా నీలంరంగు లాన్ వైరు లాగుతారు. తప్పేం లేదు, బాగానే పనిచేస్తుంది. కాకపోతే ఆ మెట్ల కింద డబ్బాకు కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా అక్కడ లేకపోతే ఫలితం సున్నా. “గాజుతీగ ఇంట్లోకి వస్తుందా, గుమ్మం బయటే ఆగుతుందా?” అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో ఎదుటివాడు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది.

గాజు ఇంట్లోకి వచ్చే పక్షంలో ఒక చిన్న తెల్లపెట్టె బిగిస్తారు. దానిమీద లైట్లలో ఒకదాని కింద లాస్ అని రాసి ఉంటుంది. అది ఎర్రగా వెలిగిందా, వెలుగు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. రూటరు ఎన్నిసార్లు ఆపి పెట్టినా లాభం లేదు. బిగించేరోజే ఆ కుర్రాణ్ణి పవర్ మీటరు పెట్టి చూపించమనండి. అంకె మైనస్‌లో వస్తుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వస్తే ఇవాళ పనిచేసినా రేపు వానకు పోతుంది. తీగను గుమ్మం మూలలో నిలువుగా మడిచి మేకు కొట్టకుండా చూసుకోండి. గాజు విరగకపోయినా, మడత దగ్గర వెలుగు కారిపోతుంది.

గాల్లోంచి వచ్చే రకం కూడా 2023 నుంచి మన ఊళ్ళలో అమ్ముతున్నారు. డాబా మీద పళ్ళెమంత పెట్టె పెట్టి, 5జీ టవరు నుంచి సిగ్నలు పట్టి ఇంట్లో వైఫై ఇస్తారు. స్తంభం బాధ లేదు, తీగలు లాగే కోతుల బాధ లేదు. టవరు దగ్గరుండి, మధ్యలో పెద్ద భవనం అడ్డులేకపోతే బాగుంటుంది. అద్దె ఇళ్ళవాళ్ళకు సులువు. గాజుతీగ వచ్చే వీధిలో ఉండి కూడా దీన్ని ఎంచుకోమని మాత్రం నేను చెప్పను. ఫోన్లన్నీ వాడుకునే అదే టవరును మీరూ పంచుకోవాలి మరి.

ఇక అంకెల సంగతి. వంద ఎంబీపీఎస్ అని తీసుకుని, ఒక ఫైలు దించుకుంటుంటే 12 అని చూపిస్తోందని గొడవపడ్డవాళ్ళు నాకు తెలుసు. కంపెనీ చెప్పేది బిట్లలో, కంప్యూటరు చూపేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. మోసమేమీ లేదు, తూకం వేరు. మోసం ఎక్కడుందంటే ‘వరకు’ అన్న మాటలో ఉంది. ‘వంద ఎంబీపీఎస్ వరకు’. పది ఇచ్చినా వరకే కదా.

అసలు ఇంటికెంత కావాలి? మంచి నాణ్యతతో ఒక సినిమా చూడటానికి 5 ఎంబీపీఎస్ చాలు. పెద్ద టీవీలో ఫోర్‌కే బొమ్మకు పదిహేను. వీడియో కాల్‌కు రెండు మూడు. నలుగురున్న ఇంటికి నలభై, యాభై ఉంటే ఒకరి నెట్టు ఒకరు లాక్కోనక్కర్లేదు. హైదరాబాదులో 2017లోనే ఒక గిగాబిట్ కనెక్షన్ అమ్మకానికి వచ్చింది. అంటే వెయ్యి ఎంబీపీఎస్. మొగుడూ పెళ్ళాం ఉన్న ఇంటికి వెయ్యి ఎందుకో నాకర్థం కాదు. ఇంట్లోంచే ఉద్యోగం చేసే పిల్లలుంటే మాత్రం అప్‌లోడ్ ఎంతో కూడా అడగండి. పాత కేబుల్ తీగల మీద దించుకునే వేగం వంద అయితే ఎక్కించే వేగం పదో వంతు కూడా ఉండకపోవచ్చు. మీటింగులో మన మొహం బిగుసుకుపోయేది దానివల్లే.

“మరి మనవడు నవ్వాక పావు సెకనుకు గానీ నవ్వు ఇక్కడికి రావడం లేదేమండీ?” అని ఆ తర్వాత ఒకసారి కండక్టరు గారు అడిగారు. గాజులో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్ నుంచి మా ఊరు తెనాలికి తీగదారి ఎంత వంకరగా ఉంటుందో చూడండి. మధ్యలో ఎన్ని పెట్టెలు దాటాలో చూడండి. ఎన్ని వందల ఎంబీపీఎస్ కొన్నా దూరం తగ్గదు.

చాలా ఇళ్ళలో నేను చూసిన అసలు జబ్బు బయటి తీగది కాదు. ఇంట్లో వైఫైది. మా బంధువుల ఇంట్లో నెట్టు రావడం లేదని మూడు ఫిర్యాదులిచ్చారు. వెళ్ళి చూద్దును కదా, రూటరు షోకేసులో, ఇత్తడి వినాయకుడి వెనక, దుమ్ము పడకుండా క్రోషియా గుడ్డ కప్పుకుని ఉంది. పక్కనే ఇనప బీరువా. వైఫైకి రెండు దారులుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది మెల్లగా పోతుంది గానీ గోడలు దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది జోరుగా పోతుంది, గోడ ఎదురైతే డీలాపడుతుంది. మన పాత ఇళ్ళ గోడలు జానెడు మందం. రూటరును హాలు మధ్యలో, తలెత్తున, ఏ అడ్డూ లేనిచోట పెట్టండి. కంపెనీవాణ్ణి తిట్టేముందు ఒక పని చేయండి. లాప్‌టాప్‌కి నేరుగా వైరు పెట్టి స్పీడు చూడండి. వైరుతో బాగుండి వైఫైలో బాగోలేకపోతే తిట్టాల్సింది గోడల్ని.

డబ్బు దగ్గరికి వద్దాం. కాగితం మీద ఉన్న ధరకు 18 శాతం జీఎస్టీ కలపండి. ఐదు వందలంటే 590. అన్‌లిమిటెడ్ పక్కన చుక్క ఉంటుంది, ఆ చుక్క అర్థం అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది. చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే వేగం తగ్గిస్తారు. అంత వాడాలంటే ఇల్లంతా నిద్రపోకుండా సినిమాలు చూడాలి, దానికి భయపడకండి. అడగాల్సింది ఆ పెట్టె ఎవరిది, డిపాజిట్ ఎంత, మానేస్తే తిరిగి ఇస్తారా, ఇల్లు మారితే ఏంటి అన్నవి. సినిమా యాప్‌లు కలిపిస్తామంటే, మీరు చూసేవి అందులో ఎన్నున్నాయో చూసుకోండి. చూడని యాప్‌కు ఎంత తగ్గించినా దండగే.

ఏడాది డబ్బు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమన్న మాటకు నేనే ఒకసారి పడిపోయాను. ఇన్నేళ్ళు ఆ రంగంలో ఉన్న మనిషిని! ఐదో నెలలో మా వీధి చూసే ఆపరేటరు వ్యాపారం ఇంకెవరికో అమ్మేసి వెళ్ళిపోయాడు. కొత్తవాడు “ఆ డబ్బు నాకు రాలేదండీ” అన్నాడు. పైవాళ్ళకు ఫోను చేస్తే “మీ ఏరియా ఆపరేటరును సంప్రదించండి” అన్నారు. మిగిలిన ఏడు నెలల డబ్బుకు నీళ్ళొదులుకున్నాను. ఇంటావిడ ఇప్పటికీ ఏ దుకాణంలో ఆఫర్ అన్న మాట వినపడినా నా వైపు చూస్తుంది. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి. ఒక వానాకాలం దాటాక ఏడాది సంగతి ఆలోచించవచ్చు.

అప్పుడు నాకు తెలియక కాదు, బద్ధకించి చేయని పని ఒకటుంది. ఫిర్యాదు నోటితో ఇచ్చి ఊరుకున్నాను. కాల్ సెంటరుకు చెప్పి డాకెట్ నంబరు తీసుకోవాలి. తేలకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినడానికి ఒక అధికారి ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. డాకెట్ నంబరు లేకపోతే అప్పీలు లేదు. ట్రాయ్ తనంతట తాను ఒక్కొక్కరి గొడవ వినదు. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. టెలికాం గొడవలు ఆ కమిషన్లు వినవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. వినియోగదారుల సలహాకు 1915 నంబరు ఉంది.

పల్లెల్లో ఉన్న శ్రోతలు ‘ఇన్ని కంపెనీలు మాకెక్కడివి’ అనుకుంటూ ఉంటారు. అలాంటి ఊళ్ళ కోసమే ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదే వేల కిలోమీటర్లు లాగారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి 149 రూపాయలన్నారు. తెలంగాణలో టీ ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాల కోసం తవ్విన కందకాలనే వాడుకున్నారు. స్తంభాల మీద అయితే ఖర్చు తక్కువ, పని తొందర. గాలివానొస్తే మాత్రం ముందు పోయేదీ అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో స్తంభాలెలా పడి ఉన్నాయో చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

గాలివాన రాకపోయినా స్తంభానికి కష్టాలు తక్కువేం కాదు. వినాయక నిమజ్జనం నాడు కుర్రాళ్ళు పొడుగాటి కర్రతో తీగలెత్తి విగ్రహాన్ని దాటిస్తారు. కర్ర జారిందా, ఆ వీధికి రెండు రోజులు నెట్టుండదు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటువాళ్ళు స్తంభాల మీది కేబుళ్ళు కోసేయడం మొదలుపెట్టారు. నగరంలో ఎన్నో ఇళ్ళకు నెట్టు ఆగి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. ప్రాణాల ముందు నెట్టు ఎంతని కరెంటువాళ్ళంటారు, ముందు చెప్పి కోయమని కేబుల్‌వాళ్ళంటారు. స్తంభం ఒకరిది, తీగ ఒకరిది, బిల్లు కట్టేది మనం.

కరెంటు పోయినప్పుడు రూటరు ఆరిపోకుండా అరచేతంత 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది. వెయ్యీ రెండు వేల మధ్య. పెట్టించుకోండి. పాస్‌వర్డ్ సంగతి కూడా: పెట్టె అడుగున అచ్చువేసిన పాస్‌వర్డే ఏళ్ళతరబడి ఉంచేస్తారు కొందరు, వీధి పిల్లలందరికీ అది నోటికొస్తుంది. మార్చుకోండి.

కండక్టరు గారు చివరికేం చేశారో చెబుతాను. కాగితాల్లో కంపెనీలను పక్కనపెట్టి, వీధిలో ఎనిమిది ఇళ్ళకు వెళ్ళారు. టికెట్లు కొట్టిన మనిషి కదా, చిన్న పుస్తకంలో రాసుకున్నారు: ఎవరి కనెక్షన్, పోయిన వానాకాలంలో ఎన్నిసార్లు పోయింది, ఫోను చేస్తే ఎన్ని గంటలకు మనిషి వచ్చాడు. స్పీడు గడి అసలు పెట్టలేదు. పెద్ద పేరున్న కంపెనీ ఒకటి ఐదు ఇళ్ళలో ఉంది. మనిషి రావడానికి రెండు మూడు రోజులు. రెండు ఇళ్ళకు స్థానిక కేబుల్ ఆపరేటరు లైనుంది. స్పీడు సగమే, కానీ కుర్రాడు రెండు వీధుల అవతల ఉంటాడు, సాయంత్రంలోగా వస్తాడు. ఎనిమిదో ఇంట్లో నెట్టే లేదు, అయినా వాళ్ళూ అభిప్రాయం చెప్పారు. ఆయన ఆ కుర్రాడి లైనే తీసుకున్నారు. యాభై ఎంబీపీఎస్, నెలనెలా కట్టేది.

మొన్న గాలివాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఫోను చేశారు.

“టెలిఫోను గారూ, ఎర్రలైటు వెలిగిందండీ.”

“ఆ అబ్బాయికి చెప్పారా?”

“చెప్పడమేంటి, స్తంభం మీదే ఉన్నాడు. చెట్టుకొమ్మ పడి తెగిందట. మా ఆవిడ నిచ్చెన పట్టుకుంది, నేను కాఫీ కలుపుతున్నాను. మీరూ రండి, మిషన్ తెచ్చాడు, చూద్దురు గాని.”

చెప్పులేసుకుని బయల్దేరాను.